బెంచీ వైద్యం

మా జిల్లా ఆస్పత్రిలో డాక్టరుకీ బెంచీకీ పోటీ పెట్టి, బెంచీయే నెగ్గిందని శాస్త్రీయంగా తేల్చారు. నవ్వకండి. తేల్చినవాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు. కాగితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి కాబట్టి ఇందులో నాకు తెలియని సంగతంటూ లేదు.

నా పేరు భైరవమూర్తి. మానసిక వైద్య విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. ఓపీ చీటీలు రాయడం, రిజిస్టరు నింపడం, పైనుంచి వచ్చిన ఉత్తర్వుని తు.చ. తప్పకుండా అమలు చేయడం నా పని. ఉత్తర్వులో అర్థం వెతికే పాడలవాటు నాకు ఏనాడూ లేదు. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. కంటి విభాగానికీ ఎక్స్‌రే గదికీ మధ్య ఒక గది, దాని ముందు వరండా. గదిలో డాక్టరు హైమవతిగారు. జిల్లా మొత్తానికీ ఆవిడొక్కరే. సోమవారం వచ్చిందంటే నూట యాభై మంది రోగులు. ఆవిడ మధ్యాహ్నం భోజనం సాయంత్రం నాలుగింటికి చేస్తారు, అదీ గుర్తుంటే.

ఆ శ్రావణమాసంలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. "పరిశోధన మరియు సమన్వయము ద్వారా ప్రజా మానసిక ఆరోగ్య సేవల మెరుగుదల పథకము" అని దాని పేరు. పేరు వినగానే మా డాక్టరుగారి మొహం విప్పారింది.

"మూర్తిగారూ, ఇంకో ఇద్దరు డాక్టర్లనైనా ఇస్తారంటారా?" అన్నారు.

ఇరవై రెండు పేజీలూ తిరగేశాను. డాక్టరన్న మాట ఎక్కడా లేదు. సమన్వయమన్న మాట మాత్రం నూట పధ్నాలుగు సార్లు ఉంది. ఆ సంగతే చెప్పాను. ఆవిడ తరవాతి రోగిని పిలవమన్నారు.

వారం తిరక్కుండా పథకం ప్రత్యేకాధికారి చిదంబరేశ్వర్రావుగారు దిగారు. ఆయన వెంట విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య శేషఫణిగారు. జిల్లాలో ఉన్న శాఖలన్నిటినీ సమావేశానికి పిలిచారు. మా డాక్టరుగారు ఆ రోజు ఓపీ ఆపేసి రావాల్సి వచ్చింది. నూట ముప్పై మందిని "రేపు రండి" అని పంపేసిన పుణ్యం నాదే.

"మానసిక ఆరోగ్యం ఏ ఒక్క శాఖ సొత్తూ కాదు," అని ప్రత్యేకాధికారిగారు దిశానిర్దేశం చేశారు. "భాగస్వామ్య పక్షాలన్నీ తమ తమ వనరులను సమీకరించి, సమగ్ర దృక్పథంతో, క్షేత్రస్థాయిలో, మమేకమై ముందుకు పోవలసిన తరుణం ఆసన్నమైంది."

ఆసన్నమైందనేసరికి అందరూ సమీకరించడం మొదలుపెట్టారు. మత్స్యశాఖ వారు మనసుకి ఆహ్లాదంగా ఉంటుందని ఒక గాజు తొట్టి ఇచ్చారు, చేపలు తరవాత పంపుతామన్నారు. పశుసంవర్ధక శాఖ వారు తూకం యంత్రం ఇచ్చారు. దాని మీద మనిషి ఎక్కితే ముల్లు కదలదు, గేదె ఎక్కాల్సిందే. ఉద్యాన శాఖ వారు కరివేపాకు మొక్కలు రాయించారు. చివరికి రోడ్లు భవనాల శాఖ ఇంజనీరుగారు మొహమాటపడుతూ లేచి, "మా దగ్గర ఒక బెంచీ ఉందండి. టేకుది. ఆరున్నర అడుగులు," అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆచార్యులవారు గొంతు సవరించుకుని మా డాక్టరుగారి వైపు తిరిగారు.

"మీ చికిత్స వల్ల రోగులకి గుణం వస్తోందనడానికి సాక్ష్యాధారమేమిటి?"

"బాగవుతున్నారు కదండీ. ఇంటికెళ్ళి పనులు చేసుకుంటున్నారు."

"మీరు లేకపోయినా బాగయ్యేవారు కారని రుజువేది? తులనాత్మక అధ్యయనం జరిగిందా? మిమ్మల్ని దేనితోనైనా పోల్చి చూశారా?"

"నన్ను దేనితో పోలుస్తారండీ, ఇక్కడ ఇంకో డాక్టరే లేనప్పుడు?"

సభ ఆలోచనలో పడింది. నిజమే, పోల్చడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆచార్యులవారు గదంతా కలయజూశారు. గేదెల తూకం చూశారు, ఖాళీ గాజుతొట్టి చూశారు. ఆ తరవాత ఆయన చూపు వెళ్ళి ఇంజనీరుగారి మీద ఆగింది.

"బెంచీతో," అన్నారు.

అలా మొదలైంది. వచ్చిన రోగుల్లో సగం మంది డాక్టరు వర్గం, సగం మంది బెంచీ వర్గం. డాక్టరు వర్గం వాళ్ళు గదిలోకి వెళ్ళి డాక్టరుకి చూపించుకోవాలి. బెంచీ వర్గం వాళ్ళు వరండాలో బెంచీ మీద అరగంట కూర్చుని ఇంటికి వెళ్ళాలి. వారానికొకసారి, పన్నెండు వారాలు. ఎవరు ఏ వర్గమో లాటరీ వేసి తేల్చాలి. దానికి ఆస్పత్రి క్యాంటీను టోకెన్లు తెప్పించారు. సంచీలో చెయ్యి పెట్టి తీస్తే ఎర్ర టిఫిను టోకెను వచ్చినవాడికి డాక్టరు, పచ్చ టీ టోకెను వచ్చినవాడికి బెంచీ. సంచీ పట్టుకునే బాధ్యత నాది.

అన్నిటికంటే గట్టిది ఏడో నిబంధన. "బెంచీ వర్గపు రోగి ఎట్టి పరిస్థితులలోను డాక్టరు గదిలోనికి ప్రవేశించరాదు. ఈ మేరకు సీనియర్ అసిస్టెంటు ప్రతిదినము ధ్రువీకరించి సంతకము చేయవలెను." నాకు సంతకం పెట్టే పని తగలడం అదే మొదటిసారి. అబద్ధమెందుకు, కొంచెం గర్వపడ్డాను కూడా.

మొదటి రోజునే నూకరాజు వచ్చాడు. తాటిలంక రేవులో గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడిపే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. మనిషి తాడిచెట్టంత ఉన్నాడు కానీ కళ్ళు లోపలికి పోయాయి. వెంట భార్య మంగ. ముందుటేడు వరదల్లో పంటు నది మధ్యలో ఉండగా తాడు తెగింది. పంటు మీద స్కూలు పిల్లలు ఇరవై మంది. ఎవరికీ ఏమీ కాలేదు, నాలుగు కిలోమీటర్లు కిందకి కొట్టుకుపోయి ఇసుకలో ఆగింది. అంతే. కానీ ఆనాటి నుంచి కన్ను మూస్తే చేతిలో తాడు జారిపోతున్నట్టే ఉంటోందట. రేవు వైపు వెళ్ళడం మానేశాడు. మా ఊరు రావాలంటే పంటెక్కి అవతలి ఒడ్డుకి దిగితే అరగంట. ఈయన పంటెక్కడు కాబట్టి వంతెన మీదుగా రెండు బస్సులు మారి, మూడు గంటలు తిరిగి వచ్చారు.

"ఏడాదైందండి కంటి మీద కునుకు లేక. కూడు సయించట్లేదండి. మొన్నైతే ఏమన్నాడో తెలుసాండి, 'ఆ తాడు ఆయేల నన్ను లాక్కుపోయినా బాగుండేదే మంగా' అన్నాడండి. నాకు గుండాగిపోయిందండి," అంది మంగ. "డాక్టరమ్మగారి సేతి సలవ మంచిదంటున్నారండి అందరూ. వేగం సూపించండి బాబూ."

"ముందు సంచీలో చెయ్యి పెట్టమను," అన్నాను.

పచ్చది వచ్చింది.

"టీ ఇత్తారాండి?" అన్నాడు నూకరాజు.

నేను నిబంధనలు వివరించాను. పథకం పేరు మొత్తం చదివి వినిపించాను. మంగ నోరెళ్ళబెట్టి వింది.

"అదేంటండీ? బెంచీ మీద కూకుంటే నిద్దరొచ్చేత్తదాండి? బెంచీ మాకూ ఉందండి, ఇంటి కాడ!"

"మీ ఇంటి దగ్గరున్నది పరిశోధన బెంచీ కాదమ్మా."

"మీ పరిశోధన తగలెయ్య! ఇంకోసారి తియ్యనియ్యండి బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"రెండోసారి తీస్తే శాస్త్రీయత పోతుంది," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇవాళ తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంటుంది. ఆ మనిషి కళ్ళు చూసి కూడా అన్నాను చూశారా, అదీ నా బాధ.

నూకరాజు గొడవ పడలేదు. వెళ్ళి బెంచీ చివర కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. మంగ మాత్రం వరండా అదిరిపోయేట్టు మమ్మల్నందర్నీ వరసపెట్టి తిట్టింది. ఆ తిట్లు గదిలోకి వినపడ్డాయి. డాక్టరుగారు బయటికొచ్చి ఏమిటని అడిగారు. చెప్పాను. ఏడో నిబంధన తెమ్మన్నారు. నిలబడే మూడుసార్లు చదివారు.

"మూర్తిగారూ, బెంచీ వర్గం వాళ్ళు నా గదిలోకి రాకూడదు. అంతేనా?"

"అంతేనండి. ఎట్టి పరిస్థితులలోనూ."

"నేను గదిలోంచి బయటికి రాకూడదని ఉందా?"

కళ్ళజోడు సవరించుకుని అనుబంధాలతో సహా వెతికాను. లేదు. డాక్టరు గదిలోంచి తనంతట తను బయటికొస్తుందని రాసినవాళ్ళకి తట్టలేదు పాపం.

"లేదండి," అన్నాను.

ఆవిడ వెళ్ళి బెంచీ మీద, నూకరాజు పక్కన కూర్చున్నారు.

"చెప్పండి నూకరాజుగారూ, ఆ రోజు ఏం జరిగింది?"

తాటిచెట్టంత మనిషి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. ఆవిడ కదలకుండా విన్నారు. నలభై నిమిషాలైంది. మాత్రలు రాసిన చీటీ మోకాలి మీద పెట్టి సంతకం చేసి ఇచ్చారు. మందుల కౌంటరువాడు సంతకం చూస్తాడు గానీ వర్గం చూడడు. సాయంత్రం నేను రిజిస్టరులో "బెంచీ వర్గపు రోగి ఎవరూ డాక్టరు గదిలోనికి ప్రవేశించలేదు" అని రాసి సంతకం పెట్టాను. అక్షరం అబద్ధం లేదు.

ఇక రోజూ ఇదే వరస. పొద్దున గదిలో డాక్టరు వర్గాన్ని చూడటం, మధ్యాహ్నం నుంచి వచ్చి బెంచీ మీద కూర్చోవడం. చిత్రమేమిటంటే, గదిలో చూసిన వాళ్ళకంటే బెంచీ మీద చూసిన వాళ్ళే తొందరగా తేరుకుంటున్నారు. ఎందుకు తేరుకోరు? గదిలో సమన్వయం జరుగుతోంది మరి. డాక్టరు ఎలా చూస్తోందో గమనించడానికి భాగస్వామ్య పక్షాల నుంచి ఏడుగురు పరిశీలకులు కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు. పాపం ఒకామె, అత్తగారు పోయినప్పటి నుంచి గుండె దడ అని వచ్చింది. నోరు తెరిచి "మా ఇంట్లో..." అని మత్స్యశాఖ ఆయన మొహం చూసింది, పశుసంవర్ధక శాఖ ఆయన మొహం చూసింది, "ఏం లేదండి, కాస్త నీరసం," అనేసి లేచిపోయింది. బెంచీ వర్గానికి పరిశీలకులు అక్కర్లేదన్నారు. బెంచీ ఏం చేస్తుందో అందరికీ తెలుసు కదా అని.

ఎనిమిదో వారం నూకరాజు పదింటికల్లా వచ్చేశాడు. ఎప్పుడూ ఒంటిగంటకి గాని రాని మనిషి. "ఏం నూకరాజూ, బస్సు తొందరగా దొరికిందా?" అన్నాను.

"బస్సు కాదండి," అన్నాడు తల వంచుకుని. "పంటెక్కాం."

వెనకాల మంగ నవ్వుతోంది. "గట్టిగా కళ్ళు మూసేసుకున్నాడండి, నా సెయ్యి ఇరిగిపోయేట్టు పట్టుకున్నాడండి. అయినా ఎక్కాడండి! రేత్రి గురక కూడా పెట్టాడండి బాబూ!" అంది. ఆవిడ సంచీలోంచి నాలుగు జామకాయలు తీసి నా బల్ల మీద పెట్టింది. ప్రభుత్వోద్యోగి కానుకలు తీసుకోరాదని నిబంధన. తీసుకున్నాను. తిన్నాను కూడా.

పన్నెండు వారాలయ్యాక ప్రశ్నావళి వచ్చింది. నూట పద్దెనిమిది ప్రశ్నలు. రెండు వర్గాలకీ ఒకే ప్రశ్నలుండాలి, లేకపోతే తులనాత్మకత చెడుతుందట. అందుకని డాక్టరు వర్గం కాగితంలో "డాక్టరు" అని ఉన్నచోటల్లా బెంచీ వర్గం కాగితంలో "బెంచీ" అని మార్చారు. ఆచార్యులవారే స్వయంగా నూకరాజుని కూర్చోబెట్టి అడిగారు.

"బెంచీ మీ బాధను ఓపికగా విన్నదా?"

నూకరాజు నా వైపు చూశాడు. "అడిగినదానికి చెప్పు," అన్నాను.

"ఇన్నాదండి. అంటే, కూకుని ఇన్నారండి..."

"విన్నది," అని రాసుకున్నారు ఆచార్యులు. "బెంచీ మీతో అమర్యాదగా ప్రవర్తించిన సందర్భాలున్నాయా?"

"బెంచీ నన్నేం అనలేదండి, ఒట్టు."

"లేవు. బెంచీ మీకు తగినంత సమయం కేటాయించినదా?"

"అది ఆడే ఉంటదండి. ఎక్కడికెల్తది?"

"అత్యధికంగా," అని రాసి, ఆయన సంతోషంగా పేజీ తిప్పారు. మందుల సంగతీ, డాక్టరుగారి సంగతీ నూకరాజు రెండుసార్లు చెప్పబోయాడు. "ప్రశ్నలో లేనిది చెప్పకూడదు," అన్నారు ఆచార్యులు.

ఫలితాల సభకి మా డాక్టరుగారిని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. బెంచీ వర్గంలో గుణం కనిపించినవారు నూటికి డెబ్బై ఒక్కరు. డాక్టరు వర్గంలో ఇరవై ముగ్గురు. రోడ్లు భవనాల ఇంజనీరుగారు లేచి అందరికీ నమస్కారం పెట్టారు. గుంతల విషయంలో తప్ప ఆయన శాఖ పేరు ఒక సభలో వినిపించడం అదే ప్రథమమట. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

మా డాక్టరుగారు నిలబడ్డారు. "అయ్యా, పన్నెండు వారాలూ నేను ఆ బెంచీ మీదే కూర్చుని వాళ్ళని చూశాను. మందులిచ్చాను. బాగుపడింది బెంచీ వల్ల కాదు."

సభ గొల్లుమంది. ఆచార్యులవారు మాత్రం నవ్వలేదు. మర్యాదస్తుడు. "చూడమ్మా, డాక్టరు పనితీరు మీద డాక్టరే సాక్ష్యం చెప్తే దాన్ని శాస్త్రం ఆమోదించదు. పోటీలో ఓడినవారి ఆవేదనగా అర్థం చేసుకోగలం," అన్నారు. ప్రత్యేకాధికారిగారు నా రిజిస్టరు ఎత్తి చూపించారు. "ఏడో నిబంధన ఒక్కరోజు కూడా అతిక్రమణకు గురికాలేదు. ఎనభై నాలుగు సంతకాలు! ఇటువంటి సిబ్బంది ఉండబట్టే వ్యవస్థ నడుస్తోంది," అని నాకు శాలువా కప్పించారు.

అప్పుడు నేను నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. శాలువా భుజాల మీద ఉంది, డాక్టరుగారు నా వైపు చూస్తున్నారు, నేను నేల చూపులు చూస్తున్నాను. పెన్షనుకి రెండేళ్ళుంది. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏ సంజాయిషీ లేదు.

పదిరోజుల్లో ఉత్తర్వులు వచ్చాయి. రాష్ట్రంలో ప్రతి ఆస్పత్రికీ టేకు బెంచీ. మా డాక్టరుగారిని "మిగులు సిబ్బంది"గా గుర్తించి, రాజధానికి, బెంచీల కొలతల ఉపసంఘంలో సభ్యురాలిగా బదిలీ చేశారు. వెళ్ళేముందు ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే తేలిగ్గా ఉండేది. "నూకరాజుగారికి ఇంకో ఆరు నెలలైనా మాత్రలు పడాలి మూర్తిగారూ, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది," అని మాత్రం చెప్పి వెళ్ళారు. ఆవిడ గదిలో పథకం కార్యాలయం పెట్టారు. గాజుతొట్టి ఆవిడ బల్ల మీదకి ఎక్కింది.

పదిహేను రోజులకి నూకరాజు మాత్రలు అయిపోయాయి. మందుల కౌంటరులో డాక్టరు సంతకం లేనిదే ఇవ్వరు. నూకరాజు వారం వారం వస్తాడు, బెంచీ మీద అరగంట కూర్చుంటాడు, వెళ్ళిపోతాడు. మొదటి వారం పంటు మీదే వచ్చాడు. రెండో వారం బస్సు మీద వచ్చాడు. మూడో వారం మంగ నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. తిట్టలేదు.

"మళ్ళీ నిద్దరోట్లేదండి," అంది. "ఇంట్లో తాడన్నది లేకుండా బయట పారేశానండి. ఆఖరికి బట్టలారేసుకునేది కూడా. నాకు బయంగా ఉందండి బాబూ."

నాకూ భయమేసింది. ఆ రోజు ఇంటికెళ్ళి శాలువా తీసి అటక మీద పడేశాను.

నెలాఖరున కొత్త బెంచీకి ప్రారంభోత్సవం. పాతదాని పక్కనే ఇంకోటి, రిబ్బను కట్టి పెట్టారు. ప్రత్యేకాధికారిగారు వచ్చారు, ఆచార్యులవారు వచ్చారు, బెంచీ వర్గం రోగులనీ వాళ్ళ వాళ్ళనీ తరలించి కూర్చోబెట్టారు. నూకరాజుని విజయగాథగా ఎంపిక చేసి వేదిక ఎక్కించారు. మైకు చేతికిచ్చి, "నీకు గుణం దేనివల్ల వచ్చిందో ప్రజలకి చెప్పవయ్యా," అన్నారు.

నూకరాజు మైకు రెండు చేతులా పట్టుకున్నాడు.

"డాక్టరమ్మగారి వల్లండి. నాతో పాటు బెంచీ మీద కూకునేవారండి. ఆవిడ పోయాక మళ్ళీ మామూలేనండి."

వేదిక మీద అందరి మొహాలూ మాడిపోయాయి. ప్రత్యేకాధికారిగారు ఆచార్యులవారి చెవి దగ్గరకి వంగారు. ఆచార్యులవారు కళ్ళు మూసుకుని ఆలోచించి, మైకు అందుకున్నారు.

"రికార్డు ప్రకారం బెంచీ వర్గాన్ని ఏ డాక్టరూ చూడలేదు. లేని వ్యక్తిని చూశాననడం భ్రమ. ఈ రోగికి వ్యాధి కొత్త దశలో ప్రవేశించింది. మరో పన్నెండు వారాలు బెంచీ అవసరం."

"నేనూ సూశానండి ఆవిణ్ణి!" అని కిందనుంచి అరిచింది మంగ. "నేనూ పిచ్చిదాన్నేనా?"

"రాసుకోండి," అన్నారు ఆచార్యులు. "ఇద్దరు."

రాసుకోవాల్సింది నేను. కలం తీశాను. ఇద్దరి పేర్లూ రాశాను. రెండో పేరు కింద మూడో పేరు రాసి, లేచి నిలబడ్డాను.

"ముగ్గురండి. నేను కూడా చూశాను."

"మూర్తీ!" అన్నారు ప్రత్యేకాధికారిగారు. "ఎనభై నాలుగు సంతకాలు పెట్టావు నువ్వు!"

"పెట్టానండి. గదిలోకి ఎవరూ రాలేదని పెట్టాను. ఆవిడే బయటికొచ్చారు. రోజూ చూశాను. రోజూ అయిదింటిదాకా ఆ బెంచీ మీదే ఉండేవారు."

"పాపం," అన్నారు ఆచార్యులు. "ముగ్గురు."

అప్పుడు నా బుర్రలో ఒక నిబంధన మెరిసింది. నా ఒళ్ళంతా నిబంధనలే కదా, ఒక్కటైనా పనికిరాకపోతుందా! వాంతులు విరేచనాలు ప్రబలినప్పుడు వాడే అంటువ్యాధుల మాన్యువలు, పేజీ అరవై ఒకటి. ఒకే చోట ఒకే లక్షణం నలభై మందికి మించి కనబడితే ఇరవై నాలుగు గంటల్లో ఆ వ్యాధి నిపుణుణ్ణి పంపాలి. లక్షణం పోయేవరకూ అక్కడే ఉంచాలి. పంపకపోతే బాధ్యుడైన అధికారి సస్పెన్షను. నేను మైకు దగ్గరకెళ్ళి పేజీ నంబరుతో సహా అప్పజెప్పాను. తరవాత జనం వైపు తిరిగాను.

"బెంచీ మీద డాక్టరుగార్ని చూసినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే పిచ్చివాళ్ళుగా రాసుకుంటారు. ఇష్టమైతేనే చెయ్యెత్తండి."

పిచ్చివాడని సర్కారు కాగితం మీద రాయించుకోవడం మాటలా? రేపు పిల్ల పెళ్ళి సంబంధాల దగ్గర అడుగుతారు. మొదట ఒక ముసలాయన ఎత్తాడు. తరవాత ఒకమ్మాయి ఎత్తి, పక్కనున్న వాళ్ళమ్మ చెయ్యి కూడా తనే ఎత్తింది. క్యాంటీను టోకెన్లాయన ఎత్తాడు. మందుల కౌంటరువాడు ఎత్తాడు. రాసుకుంటూ పోయాను. నాతో కలిపి నలభై అయ్యాయి. ఇంకెవరూ లేరు. నలభైకి మించి ఉండాలి. నలభైతో మాన్యువలు కదలదు.

నేను చెమట తుడుచుకుంటూ మళ్ళీ లెక్కపెట్టాను. నలభయ్యే. మంగ చుట్టూ చూస్తోంది. అప్పుడు వేదిక మీద చివరి కుర్చీలో ఇంజనీరుగారు మెల్లగా లేచారు. బెంచీ విజయానికి ఆ రోజు ఆయనకి సన్మానం. పూలదండ అప్పటికే మెడలో ఉంది.

"నేను... నేనూ చూశానండి," అన్నారు. "మా బెంచీ ఎలా ఉందో చూసుకుందామని ఒకసారి వచ్చాను. ఆవిడ కూర్చుని ఉన్నారు. ముగ్గురికంటే ఎక్కువమంది కూర్చుంటే కాలు విరుగుతుందని నేనే చెప్పాను." దండ తీసి కుర్చీ మీద పెట్టేశారు.

"నలభై ఒకటి!" అన్నాను. మైకులో అన్నానని తరవాత తెలిసింది. ఆస్పత్రి గేటు బయటిదాకా వినపడిందట.

ప్రత్యేకాధికారిగారికి సస్పెన్షను మాట వినపడి మొహం పాలిపోయింది. ఆచార్యులవారికి మాత్రం పట్టరాని ఆనందం. "సామూహిక భ్రమ! ఒకే డాక్టరుని నలభై ఒక్కమంది! అంతర్జాతీయ పత్రం రాయొచ్చు!" అని కుర్చీలోంచి లేచి తిరుగుతున్నారు. ఆ మర్నాడే రాజధాని నుంచి నిపుణురాలిని పంపారు. రాష్ట్రంలో కొలతల ఉపసంఘంలో ఖాళీగా ఉన్న మానసిక వైద్యనిపుణురాలు ఒక్కరే కాబట్టి ఎవరిని పంపారో చెప్పక్కర్లేదు. హైమవతిగారు గది వైపు చూశారు. అక్కడ తొట్టి ఉంది, బీరువాలున్నాయి. వెళ్ళి బెంచీ మీద కూర్చుని, "నూకరాజుగారు వచ్చారా?" అన్నారు. నాకేసి చూసి కొంచెం నవ్వారు. ఆ నవ్వుకి నేను తగనని నాకు తెలుసు. అయినా తీసుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. నూకరాజు పంటు మీద మళ్ళీ పనిలోకి వెళ్తున్నాడు, డాక్టరుగారు మాత్రలు సగానికి తగ్గించారు. అప్పుడొచ్చింది తనిఖీ. భ్రమ తగ్గిందో లేదో చూస్తారట. అందరినీ అడగడం అశాస్త్రీయమనీ, లాటరీలో ఒక్కరిని తీసి అడిగితే చాలుననీ ఆచార్యులవారు తేల్చారు. సంచీలో నేనే చెయ్యి పెట్టాను. నూకరాజు పేరే వచ్చింది.

కబురు పంపి పక్కకి తీసుకెళ్ళాను. "బెంచీ మీద డాక్టరు కనబడుతోందా అని అడుగుతారు నూకరాజూ."

"ఆవిడ ఆడే ఉంటారు కదండి?"

"ఉంటారు."

"నిజం సెప్తే?"

"నీకు పిచ్చి తగ్గలేదని రాస్తారు."

"కనబడట్లేదని సెప్తే?"

"నయమైపోయిందని రాస్తారు. వేదికెక్కించి శాలువా కూడా కప్పుతారేమో. డాక్టరుగార్ని మాత్రం పంపేస్తారు."

"పంటు కాంట్రాక్టరు అడిగాడండి మొన్న," అన్నాడు నూకరాజు. "నయమైనట్టు కాగితం తెత్తేనే పిల్లల్ని ఎక్కించుకోనిత్తానన్నాడండి. లేపోతే ఉత్త సరుకులే."

ఈలోగా పిలుపొచ్చింది. అతన్ని బెంచీ దగ్గరకి తీసుకెళ్ళాను.

ప్రత్యేకాధికారిగారు కుర్చీ వేయించుకుని బెంచీకి ఎదురుగా కూర్చున్నారు. బెంచీ మీద ఒక చివర డాక్టరుగారు, ఒక చివర నూకరాజు, గోడకానుకుని మంగ. ఆయన ఫారం ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నారు. ఫారం నింపేటప్పుడు తల ఎత్తి చూసే అలవాటు మా శాఖలో ఎవరికీ లేదు, నాతో సహా. ఒక్క చూపు చూస్తే సరిపోయేది. చూడలేదు.

"రోగి పేరు? సరే. ఈ బెంచీ మీద నీకు డాక్టరు ఎవరైనా కనబడుతున్నారా?"

నూకరాజు డాక్టరుగారి వైపు తిరిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. కాగితం తీసుకో, నా సంగతి వదిలెయ్యి అన్నట్టు. నూకరాజు అటే చూస్తూ కూర్చున్నాడు. వరండాలో వెనకాల చీటీలు పట్టుకుని ఎనభై మంది నిలబడి ఉన్నారు.

"చెప్పవయ్యా, అవతల సమావేశముంది."

"కనబడతన్నారండి," అన్నాడు నూకరాజు. "శుబ్బరంగా కనబడతన్నారండి."

మంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రత్యేకాధికారిగారు జాలిగా నిట్టూర్చి, ఫారంలో ఆఖరి గడి నింపారు. తరవాత అది నా చేతికిచ్చారు, ముద్ర వేయమని. "గుణము కనిపించలేదు. డాక్టరును కొనసాగించవలెను."

ముద్ర గట్టిగా వేశాను.